తీతువుపిట్ట పెట్టిన ముహూర్తం

ఎండలు ముదిరి శబరి ఏరు సన్నబడింది. నడిమధ్యన రెండు నులకమంచాలు పట్టేంత లంక తేలింది. చుట్టూ నిలువెత్తు రెల్లు, మధ్యలో గులకరాళ్లు. ఆ రాళ్లలోనే పిక్కమ్మ అనే తీతువుపిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. ఇంకో మూడు రోజులు పొదిగితే పిల్లలు! ఆ సంబరంలో ఆమెకు ఆకలి కూడా తెలియడం లేదు.

చిక్కంతా ఇరుగుపొరుగుతోనే. తూర్పుగట్టు చిరుతలది, పడమటిగట్టు రేచుకుక్కలది. ఒకరి గట్టు మీది జింకల్ని చూస్తే ఇంకొకరికి నోరూరుతుంది. ఏరు దాటాలంటే లంక మీదుగా తప్ప దారి లేదు.

ఆ ఉదయం చిరుతల పెద్ద మచ్చలదొర వచ్చి గుడ్ల పక్కనే పంజా ఆనించాడు.

"ఏమే పిట్టా! ఇవాళ కుక్కల గట్టు మీద పడుతున్నాం. నోరెత్తావో, ఈ గుడ్లు ఉండవు. వాళ్లు ఏమరుపాటుగా ఉండేదెప్పుడో చెప్పు."

పిక్కమ్మ గుడ్ల మీదికి రెక్క చాచింది.

"మిట్టమధ్యాహ్నం గట్టంతా గుర్రుపెడుతుంది దొరా. ఒకవేళ వాళ్లే తమరి మీదికి వస్తే మాత్రం ఏరు దద్దరిల్లేలా అరుస్తాను."

"శభాష్! అరవాల్సిందే!" అని మీసం దువ్వుకుంటూ వెళ్లాడు దొర.

అతనటు పోయాడో లేదో, ఇటునుంచి రేచుకుక్కల నాయకుడు ఎర్రప్ప దిగబడ్డాడు. అదే మాట, అదే బెదిరింపు. పిక్కమ్మ ఇచ్చిన జవాబూ అదే! అతనూ తోకాడిస్తూ పోయాడు.

మొగుడు బుడ్డయ్యకు కాళ్లూ రెక్కలూ ఆడలేదు. "ఒసేవ్, ఇద్దరికీ ఒకే ముహూర్తం పెట్టావా! ఎవరో ఒకరి పంచన చేరదామే. లేదంటే ఎగిరిపోదాం!"

"ఒకరి పంచన చేరితే రెండోవాడు గుడ్లు తొక్కుతాడు. ఎగిరిపోదామంటే గుడ్లకు రెక్కలున్నాయా? నువ్వు పొదుగు. నేను చూసుకుంటా."

సూర్యుడు నడినెత్తికొచ్చాడు. తూర్పున చిరుతలు నీళ్లలో దిగాయి. పడమట కుక్కలూ దిగాయి. రెల్లు అడ్డం కాబట్టి ఒకరికొకరు కనబడలేదు. ఇంకో నాలుగడుగులు వేస్తే గుడ్లే! పిక్కమ్మ ఒక్క ఎగురు ఎగిరి, ఉన్న ఊపిరంతా కూడగట్టి అరిచింది.

ఏరంతా మారుమోగింది. రెండు మూకలూ రెల్లు చీల్చుకుని తలలెత్తి చూస్తే ఏముంది? ఎదురుగా శత్రువు! "అమ్మో, మన గట్టు మీదికే వస్తున్నారు!" అని వెనక్కి తిరిగి, ఎవరి గట్టు వాళ్లు కాచుకోవడానికి పరుగో పరుగు.

సాయంత్రం మచ్చలదొర ఉరుముతూ వచ్చాడు. "ఎందుకరిచావే?"

"కుక్కలొస్తుంటే అరవనా దొరా? తమరు కళ్లారా చూశారుగా! అరవమన్నదీ తమరే."

దొర పంజాతో మీసం సవరించుకున్నాడు. "నిజమే సుమా! ఇకముందూ ఇలాగే కాపు కాయి."

"కాస్తాను. కానీ ఈ లంక మీద ఎవరి అడుగు పడ్డా నేనుండను. మరునాటి నుంచి తమరిని లేపే గొంతుండదు."

తర్వాత వచ్చిన ఎర్రప్పా అదే విని, బుద్ధిగా తలూపి వెళ్లాడు.

మూడో రోజు గుడ్లు చిట్లాయి! నాలుగు పిల్లలూ తడి ఆరీ ఆరకముందే రాళ్ల మీద పరుగులు మొదలుపెట్టాయి. అప్పుడే ఒక చిరుతకూన తూనీగ వెంటపడి లంకవైపు దూకబోయింది. మచ్చలదొర దాని మెడ పట్టి వెనక్కి లాగాడు.

"అటు పోకురా, అక్కడ మన కాపలా ఉంది!"

సరిగ్గా అదే మాట ఎర్రప్ప తన మూకతో అంటుంటే అవతలిగట్టు నుంచి వినిపించింది. బుడ్డయ్య పగలబడి నవ్వాడు. పిక్కమ్మ నవ్వలేదు. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆమెకు ఆకలేసింది.

నీతి: ఇద్దరు బలవంతుల మధ్య కాపురం చేసే చిన్నవాడు ఇద్దరికీ అవసరమైనవాడిగా బతకాలి.