రెండు తెరల అన్నం కొట్టు

అనగనగా, మన అమ్మమ్మల అమ్మమ్మలు కూడా పుట్టని రోజుల్లో, పొద్దు మనకంటే ముందు పొడిచే జపాను దేశంలో, ఒక రేవు ఊరు ఉండేది. ఆ ఊళ్ళో ఒక సందు. ఆ సందులో ఒక చిన్న అన్నం కొట్టు. ఆ కొట్టులో ఆరు పీటలు, ఒక బల్ల, రెండు తెరలు.

ఒక తెర వాకిలికి. ఇంకో తెర వంటింటికి.

వాకిలి తెర గొప్పది. ఆ దేశంలో అప్పట్లో ఒక ఆచారం ఉండేది. తిన్నవాళ్ళు వెళుతూ వెళుతూ వాకిట్లో వేలాడే తెరకి వేళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఎంతమంది తింటే తెర అంత మాసేది. కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాడు ఎక్కడ తినాలని ఎవర్నీ అడిగేవాడు కాడు. తెరలు చూస్తూ నడిచేవాడు. బాగా మాసిన తెర కనపడగానే లోపలికి దూరేవాడు. ఈ కొట్టు తెర ఊళ్ళో తెరలన్నిటికన్నా మురికిది. దాన్ని ఉతకడమంటే ఇంటి పేరుని ఉతికెయ్యడమే.

లోపలి తెర సంగతి ఎవరికీ పట్టలేదు. దాని వెనక కినూ ఉండేది.

కినూ ఆ ఇంటి కోడలు. భర్త పేరు హెయిసుకే. బల్ల దగ్గర నిలబడేది అతను. ఎందుకంటే ఆడదాని చేతులు వేడి, ఆ వేడికి పచ్చి చేప చెడిపోతుంది, అని ఆ ఊరి మగవాళ్ళు కనిపెట్టారు. అదే చేపని రేవులో ఆడవాళ్ళే మోసేవాళ్ళు, ఆడవాళ్ళే పొలుసు తీసేవాళ్ళు, ఆడవాళ్ళే కడిగేవాళ్ళు. అప్పుడు చెడిపోయేది కాదు. బల్ల దగ్గరికి వచ్చాకే చెడిపోయేదట. చాలా తెలివైన చేప.

అందుకని కినూ తెర వెనకే అన్నం వండేది. అందులో పుల్లటి సిర్కా కలిపేది. చేప కోసేది. చిన్న ముద్ద చేసి, దానిమీద చేప ముక్క పెట్టి, రెండు వేళ్ళతో అదిమేది. తెర కిందనుంచి పళ్ళెం జరిపేది. హెయిసుకే ఆ పళ్ళెం అందుకుని బల్ల మీద పెట్టి, "ఇదిగో!" అనేవాడు. ఆ "ఇదిగో" మటుకు అతని సొంతం.

తిన్నవాళ్ళు, "ఆహా, హెయిసుకే చెయ్యే చెయ్యి!" అనేవాళ్ళు. వాకిలి తెరకి వేళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయేవాళ్ళు. కినూ తన వేళ్ళు లోపలి తెరకి తుడుచుకునేది. మిగిలింది పొయ్యి పక్కన నిలబడి తినేది.

ఇలా పదేళ్ళు గడిచాయి. ఇంకో పదేళ్ళు గడిచాయి. మరో పదేళ్ళు గడిచాయి. ముప్పై ఏళ్ళలో ఒక్కరంటే ఒక్కరు ఆమెని "తిన్నావా?" అని అడగలేదు. హెయిసుకే చెడ్డవాడేం కాదు. అతనికి తోచలేదు, అంతే. తోచకుండా బతకగలగడం కూడా ఒక సుఖమే.

ఒక చలికాలం హెయిసుకే జ్వరమొచ్చి పోయాడు. నలభై తొమ్మిదో రోజు కర్మ అయిన మర్నాడే అతని తమ్ముడు మతాకిచి నడుముకి కొత్త గుడ్డ బిగించుకుని వచ్చాడు.

"వదినా, ఇక కొట్టు నేను చూసుకుంటాను. మీరు పుట్టింటికి వెళ్ళి విశ్రాంతి తీసుకోండి."

"పుట్టింట్లో నన్ను గుర్తుపట్టేవాళ్ళెవరున్నారు మతాకిచీ? నా పని ఇక్కడే ఉంది. ఇక్కడే ఉంటాను."

"బల్ల దగ్గరా? ఆడవాళ్ళ చేతులు వేడి కదా వదినా!"

"పోనీ వంటింట్లో?"

"అక్కడికి నా భార్య వస్తుంది. అన్నం ఉడికించడానికి ఎవరైతే ఏముంది?"

మతాకిచి అబద్ధమాడటం లేదు. అతను నిజంగానే నమ్మాడు, రుచంతా అన్న చేతిలో ఉండేదని, అన్న పోయాక అది వాకిలి తెరలోకి చేరిందని.

"మీకేం కావాలంటే అది తీసుకెళ్ళండి," అన్నాడు. "ఆ వాకిలి తెర తప్ప."

కినూ లోపలి తెర విప్పింది. మడతపెట్టింది. చంకలో పెట్టుకుంది.

"ఆ మసిగుడ్డా?" అని నవ్వాడు మతాకిచి.

"నా మసే కదా," అంది కినూ.

వంతెన దగ్గర ఇసో అవ్వకి ఒక పాక ఉండేది. అవ్వ చేపలమ్మేది. ముప్పై ఏళ్ళుగా ఆ కొట్టు పెరటి గుమ్మంలో బుట్ట దించిపోయే మనిషి. కినూ నడిచి నడిచి ఆ పాక ముందు కూలబడింది.

అవ్వ ఆమెని ఎగాదిగా చూసింది. "ఏమే, తిన్నావా?"

కినూ ఏడ్చింది. మొగుడు పోయినప్పటికన్నా ఎక్కువ ఏడ్చింది.

"తినలేదన్నమాట. పొయ్యి ఉంది, బియ్యం ఉంది, పొద్దుటి చేప ఉంది. ఇద్దరికీ వండు."

ఇద్దరూ కూర్చుని తిన్నారు. మూడో ముద్ద దగ్గర అవ్వ ఆగిపోయింది.

"ఓసినీ! ఇన్నేళ్ళు ఆ కొట్టుకి చేప పోశాను. దాన్నేం చేస్తారో ఇవాళ తెలిసింది. ఆడదాన్ని పీటెక్కనిస్తేగా!"

మర్నాడు కినూ పాక వాకిట్లో తన తెర కట్టింది. మొదటి రోజు వలలు బాగుచేసే ఆడవాళ్ళు వచ్చారు. రెండో రోజు ఆల్చిప్పల కోసం సముద్రంలో మునిగే ఆడవాళ్ళు వచ్చారు. మూడో రోజు బట్టలుతికే ఆడవాళ్ళు వచ్చారు. కూర్చోబెట్టి ఎవరో వడ్డిస్తే తినడం వాళ్ళకి అదే మొదలు. ఒకావిడ తిన్నాక పళ్ళెం కడగబోయింది.

"కూర్చోవే!" అని కసిరింది ఇసో అవ్వ.

అవతల మతాకిచి కొట్లో మొదటి రోజు ముద్ద చేతిలోనే విడిపోయింది. "పాపం, దుఃఖంలో ఉన్నాడు" అన్నారు జనం. రెండో రోజు ముద్ద రాయిలా ఉంది. "పాపం, కొత్త కదా" అన్నారు. మూడో రోజు ఏమీ అనలేదు. రాలేదు. మగవాడి తప్పుకి ఊరి దగ్గర రెండు రోజుల సాకు ఎప్పుడూ నిలవ ఉంటుంది.

ఆ రాని వాళ్ళలో యగోరో ఒకడు. తాళ్ళు పేనేవాడు. హెయిసుకే చేతిని అందరికన్నా గట్టిగా పొగిడినవాడు. ఒక మధ్యాహ్నం ఆకలితో వంతెన దాటుతూ పాక దగ్గర ఆగాడు.

"ఇదేం తెరమ్మా! మరక బయట లేదు, లోపలివైపు ఉంది. తిరగేసి కట్టావా ఏంటి?"

"సరిగ్గానే కట్టానండీ. నేనున్న వైపు మరక పడింది."

యగోరో గొణుక్కుంటూ ఆడవాళ్ళ మధ్యే కూర్చున్నాడు. మొదటి ముద్ద తిన్నాడు, గొణగడం ఆపాడు. రెండో ముద్ద తిన్నాడు, కళ్ళు మూసుకున్నాడు. మూడో ముద్ద తిని లేచి నిలబడ్డాడు.

"ఇది హెయిసుకే చెయ్యి!"

ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. "హెయిసుకే పోయి రెండు నెలలు దాటింది మావా! ఏ చెయ్యి చూశావు?"

యగోరో కినూ చేతుల వైపు చూశాడు.

"మరి, ఆడవాళ్ళ చేతులు వేడి అంటారే?"

"వేడేనండీ. ఈ అన్నం ఒంటి వెచ్చదనంలో ఉండాలి. చల్లబడితే రాయి. పొగలు కక్కుతుంటే ముద్ద నిలవదు. చెయ్యి వెచ్చగా లేకపోతే ఆ సంగతి ఎలా తెలుస్తుంది?"

యగోరో తల దించుకున్నాడు. "ముప్పై ఏళ్ళు తప్పు తెరకి చెయ్యి తుడుచుకున్నాను," అన్నాడు. వెళ్ళబోతూ తెర అంచు పట్టుకుని, లోపలివైపున, ఆమె వేళ్ళ మరకల పక్కనే తన వేళ్ళు తుడుచుకున్నాడు.

ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. మతాకిచి పాకకి పరిగెత్తాడు.

మొదటిసారి వచ్చి, "వదినా, వచ్చెయ్యండి. తెర వెనక మీ చోటు అలాగే ఉంచాను," అన్నాడు.

"ఆ చోటు నాకు తెలుసు. నిలబడేంతే ఉంటుంది," అంది కినూ.

రెండోసారి వచ్చి, "పెరటి గుమ్మం తాళం మీ దగ్గరే పెట్టుకోండి," అన్నాడు.

"ముప్పై ఏళ్ళు పెరట్లోంచే వచ్చాను," అంది కినూ.

మూడోసారి వాకిలి తెర భుజాన వేసుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. "ఇది కూడా మీరే ఉంచుకోండి వదినా. ఇందులో ఏమీ లేదు."

అప్పుడు కినూ నవ్వింది. "వస్తాను. రెండు తెరలూ వాకిటికే కడతాను. వంటింటికీ బల్లకీ మధ్య ఏమీ ఉండదు. ఆరు పీటల్లో మొదటిది నాది. నేను కూర్చుని తిన్నాకే తెర కట్టి కొట్టు తెరుస్తాం. అవ్వ, ఈ ఆడవాళ్ళు, అందరూ వాకిట్లోంచే వస్తారు. ఇష్టమేనా?"

"ఇష్టమే. మరి నేనేం చెయ్యాలి?"

"బియ్యం కడుగు. మూడేళ్ళు కడిగాక నీ చెయ్యి వెచ్చబడిందేమో చూద్దాం."

"నా భార్య?"

"ఏం చేస్తుందో ఆవిణ్ణే అడుగు. ఎప్పుడైనా అడిగావా?"

కినూ చాలా ఏళ్ళు బతికింది. బల్ల దగ్గర నిలబడి వండింది. మొదటి పీట మీద కూర్చుని తింది. ఒక ఉదయం తినడం అయ్యాక పళ్ళెం పక్కకి జరిపి, ఆ పీట మీదే, కూర్చున్నది కూర్చున్నట్టే కన్నుమూసింది. ఆ రోజు ఊళ్ళో ఏ కొట్టు వాకిట్లోనూ తెర కట్టలేదు.

ఆమెకి గుడి కట్టలేదు. రాయి పాతలేదు. కానీ ఆ రేవు ఊళ్ళో ఇప్పటికీ ఏ చిన్న అన్నం కొట్టుకి వెళ్ళినా, తిన్నవాళ్ళు లేవగానే వాకిలి వైపు తిరగరు. ముందు పొయ్యి వైపు తిరుగుతారు. వండింది ముసలావిడ కానీ, పడుచుపిల్ల కానీ, బుర్రమీసాలవాడు కానీ, ఆ కాసేపూ అందరి పేరూ ఒకటే.

"కినూ, తిన్నావా?" అని అడుగుతారు.

వండిన మనిషి చేతులు తుడుచుకుంటూ జవాబు చెప్పేదాకా ఎవరూ గడప దాటరు.

"కూర్చునే తిన్నాను."