బందెలదొడ్డిలో విమోచన

మా చర్చి పాదిరి ఆశీర్వాదం అయ్యగారిని ప్రశ్న అడగాలంటే మా పల్లెలో అందరికీ జంకే. ఆయన జవాబు చెప్పరు. చెప్పులు తొడుక్కుని బయల్దేరతారు. అడిగినవాడు వెంట నడవాలి.

పాదిరి చదువు చదువుతున్న దేవదానం ఒకనాడు అడిగాడు. "అయ్యగారూ, విమోచన అంటే ఏందండీ? మా తరగతిలో వెల కట్టి విడిపించడం అన్నారు. ఊళ్ళో పంతులుగారు జన్మల బంధం తెగడం అంటారు. కూలి సంఘం వాళ్ళు సంకెళ్ళు తెంచుకోవడం అంటారు. ఏది నిజం?"

"అర్థాలు నాకూ తెలుసురా. నడువు."

బందెలదొడ్డి దగ్గర దీనమ్మ గొంతు చించుకుంటోంది. ఆమె గేదె చేలో పడిందని కామందు మనుషులు తోలుకొచ్చి లోపల పెట్టించారు. ఇంటి దగ్గర దూడ పాలకి అరుస్తోంది. ఇక్కడ గేదె పొదుగు రాయిలా బిగిసింది.

"చేలో పడిందా? డొంక దున్ని మినుము చల్లుకుంది ఎవడ్రా? ఎగిరిపోడానికి నా గేదెకేమన్నా రెక్కలున్నాయా?"

ఆమె మాట అబద్ధం కాదు. పశువులు నడిచే డొంక ఊరి కళ్ళ ముందే చేనైపోయింది. దారి మింగినవాడు పెద్దమనిషి, కాలు పెట్టిన గేదె దొంగ!

"జరిమానా కట్టి తోలుకుపో, నాకెందుకీ గొడవ," అన్నాడు కాపలా సాంబయ్య.

దేవదానం జేబు ఖాళీ చేసి కట్టేశాడు. ముఖం వెలిగిపోతోంది. "ఇదేగా అయ్యగారూ! ఆమె కట్టలేనిది ఇంకొకడు కట్టాడు."

"ఎవరికి కట్టావు?"

దేవదానం సాంబయ్య వంక చూశాడు. సాంబయ్య నేల చూపులు చూస్తూ, "పంట నష్టం కింద కామందుకే పోద్దండీ," అన్నాడు.

"విన్నావా? యేసయ్య కట్టిన వెల ఆయన్ని కొట్టినోడి జేబులోకి పోలేదురా!"

సాంబయ్య దొడ్డి తలుపు తీశాడు. దీనమ్మ పలుపు పట్టుకుని ఇంటిదారి పట్టింది. ఇంటికి ఆ డొంక తప్ప ఇంకో దారి లేదు. గేదె మినుములో కాలు పెట్టిందో లేదో, కామందు మనుషులు గట్టు దిగొచ్చి మళ్ళీ పలుపు లాక్కున్నారు.

దేవదానం ఖాళీ జేబు తడుముకున్నాడు. అయ్యగారు అరిచారు: "కట్టరా! మళ్ళీ కట్టు! రేపూ కట్టు!"

అరుస్తూనే చేలోకి దిగి ఆ పలుపు అందుకున్నారు. వాళ్ళు తోశారు. ముసలాయన బోర్లా పడ్డారు, పలుపు మాత్రం వదల్లేదు. లేచి, మట్టి కూడా దులుపుకోకుండా, పూర్వం డొంక ఉన్నచోటే గేదెను నడిపించారు. దీనమ్మ వెనకాల నడిచింది. ముసలాయన మీద ఇంకా చెయ్యి చేసుకోడానికి జంకి, కామందు మనుషులు పోలీసుల్ని పిలవడానికి ఊళ్ళోకి పరిగెత్తారు.

గట్టు మీదే నిలబడిపోయిన దేవదానం కేకేశాడు: "అయ్యగారూ! మిమ్మల్ని లోపలేస్తారండీ!"

అయ్యగారు వెనక్కి తిరగలేదు.

"వెయ్యనీ. నన్ను విడిపించడానికి డబ్బు తేబాక. పల్లెంతా కలిసి ఈ డొంకమ్మటే నడిచి రండి."