మసేనమ్మ దోసెడు

ఇప్పుడు అలలు కొడుతున్న చోట అప్పట్లో తాటితోపు ఉండేదట. అంత పాత మాట ఇది. మా తాతకి వాళ్ళ తాత చెప్పాడు, నాకు మా తాత చెప్పాడు, మీకు నేను చెబుతున్నాను.

గవ్వలపాలెం అని ఒక జాలర్ల పల్లె. అక్కడికి మూడు రోజుల నడక దూరంలో పైడయ్య అనే కుమ్మరి ఉండేవాడు. అతని తల్లి సన్నెమ్మ. బుద్ధెరిగినప్పటి నుంచి మట్టి తొక్కడమే తప్ప ఆవిడ ఊరి పొలిమేర దాటలేదు. "మూడు పొద్దులు సముద్రం ఒడ్డున గడిపి వస్తే చాల్రా అయ్యా," అనేది. మొక్కూ కాదు, ముడుపూ కాదు. ఉత్త సరదా.

ఆ ఏడు మాఘమాసంలో పైడయ్య సారె ఆపేశాడు. తల్లినీ, పెళ్ళాం లచ్చినీ వెంటబెట్టుకుని బయలుదేరాడు. తిండికి ఒక మూటెడు అటుకులు, బెల్లం.

సముద్రం కనబడగానే ముసలిది చిన్నపిల్ల అయిపోయింది. కుచ్చిళ్ళు ఎగ్గట్టి నీళ్ళలోకి ఒకటే పరుగు. ఆవిడ వెనక కొడుకు పరుగు. ఇద్దరి వెనకా కోడలు పరుగు. ఒడ్డున మూట ఒక్కటే మిగిలింది. ఒక అల వచ్చి మూటని తడిపింది. రెండో అల వచ్చి కదిపింది. మూడో అల వచ్చి పట్టుకుపోయింది.

"పోతే పోయింది, మనం మిగిలాం గదా," అని ముసలిది నవ్వింది. పైడయ్యకి నవ్వు రాలేదు. తిండి లేకపోతే రేపే ఇంటిదారి పట్టాలి. ఈ తల్లి మళ్ళీ ఇంత దూరం నడవగలదా?

తిండి వెతుక్కుంటూ వెళ్ళాడు. సత్రానికి వెళితే, "గుండిగలు కడిగేశాం," అన్నారు. పూటకూళ్ళ ఇంటికి వెళితే, "తీర్థం రోజులు నాయనా, నీ మొలలో ఉన్నది ఒక విస్తరికీ చాలదు," అన్నారు. మూడోది పల్లె చివర తాటాకు పాక. పాక ముందు ఒకావిడ కాకుల్ని తోలుతూ ఎండుచేపలు తిరగేస్తోంది. ఆవిడే మసేనమ్మ. మొగుడు సముద్రంలో పోయాడు, పిల్లలు లేరు.

"అమ్మా, ఇక్కడ తక్కువలో కూడు ఎక్కడ దొరుకుద్ది?"

"ఎంతమంది?"

"ముగ్గురం."

"నాకొక్కదానికే ఉంది అంబలి."

పైడయ్య వెనక్కి తిరిగాడు.

"ఎక్కడికెళ్తావు, కూకో. నీళ్ళు పోస్తే నలుగురికీ అదే అవుద్ది."

పైడయ్య తల్లినీ పెళ్ళాన్నీ పిలుచుకొచ్చాడు. చోడంబలి, అంటే రాగి అంబలి, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప. నలుగురూ తిన్నారు. మసేనమ్మ పైడయ్య అరచేతులు చూసింది. "మట్టి పిసికిన చేతులు. రేపు వల తాడు లాగుతావా? లాగినోడికి చేప ఇప్పిస్తాను. వండడం నా వంతు."

తెల్లారింది. జాలర్లు పెద్దవల వేశారు. పడవ మీద వలని సముద్రంలో చుట్టి తెస్తారు, రెండు కొసల తాళ్ళూ పట్టుకుని ఒడ్డున రెండు జట్లు లాగుతారు. వాళ్ళ పెద్ద పేరు గురువులు.

"గురువులూ, వీళ్ళనీ తాడు పట్టనీ," అంది మసేనమ్మ.

"పైవోళ్ళు ముట్టుకుంటే వలకి మంచిది కాదు," అన్నాడు గురువులు. వల లాగితే నాచు వచ్చింది.

ఆవిడ మళ్ళీ అడిగింది. వాడు మళ్ళీ కాదన్నాడు. ఈసారి వలనిండా చింకిరి గుడ్డలు, చిల్లపెంకులు.

మూడోసారి వల వేశారు. అప్పుడు చూడాలి. ఎక్కడెక్కడి పిట్టలో వచ్చి నీళ్ళ మీద పడ్డాయి. వల లోపల సముద్రం తెల్లగా ఉడుకుతోంది. ఒడ్డుకి రావలసిన తాడు వెనక్కి పోతోంది. లాగేవాళ్ళు మోకాళ్ళ లోతుకి జారారు, నడుం లోతుకి జారారు. పట్టు వదిలితే చేపా పోతుంది, వలా పోతుంది. ఆ వల మీదే పల్లె బతుకు.

మసేనమ్మ మూడోసారి అడగలేదు. కొంగు బిగించి తాడు పట్టింది. ఆమె వెనక పైడయ్య, పైడయ్య వెనక లచ్చి, లచ్చి వెనక సన్నెమ్మ. అది చూసి స్నానాలకొచ్చిన జనమంతా తడిబట్టలతో పరుగెత్తుకొచ్చారు. "ఓలెస్సో, హైలెస్సా" అంటే తాడు ఆగింది. "ఓలెస్సో, హైలెస్సా" అంటే తాడు కదిలింది. "ఓలెస్సో, హైలెస్సా" అంటే వల ఒడ్డెక్కింది. వలనిండా కవ్వల చేపలు, ఇసక కనబడనన్ని.

"తాడు పట్టిన చెయ్యి ఖాళీగా ఎళ్ళకూడదు గురువులూ," అంది మసేనమ్మ.

గురువులు తన అరచేతులు చూసుకున్నాడు. తోలు లేచిపోయింది. ముసలిదాని చేతులు చూశాడు. అవీ అంతే. మొదటి దోసెడు తనే ఎత్తి సన్నెమ్మ ఒడిలో పోశాడు.

చింతపండు, మిరపకాయ, ఉప్పు. అంతే పులుసు. ఒడ్డునే పొయ్యి, తాటాకు దొన్నెల్లో పొగలు. ముసలిది మూడు దొన్నెలు తాగి మూతి తుడుచుకుంది. మూడో పొద్దు కూడా చూసే ఇంటికెళ్ళింది.

ఆ మరుసటేడు నుంచి డబ్బుల్లేని యాత్రికులు మసేనమ్మ పాక అడుగుతూ వచ్చేవారు. తాడు లాగడం, దోసెడు తెచ్చుకోవడం, ఆవిడ పొయ్యి చుట్టూ కూకోవడం. ఎన్నో ఏళ్ళు అలాగే గడిచాయి.

ఒక వానాకాలం మసేనమ్మ పోయింది.

ఆ మాఘానికి, సంగతి తెలియని పైడయ్య ఆవిడ కోసం పెద్ద కుండ చేసుకుని నెత్తిన పెట్టుకుని వచ్చాడు. పాక ముందు పొయ్యిలో బూడిద కూడా లేదు. కుండతో అలాగే నిలబడిపోయాడు. ముసలివాడైన గురువులు కర్ర పోటేసుకుంటూ వచ్చి, ఆ కుండ అందుకుని, పొయ్యి మీద పెట్టాడు.

"వండడం నాకు రాదు. ఎవురో ఒకరు చెప్పండి," అన్నాడు.

ఇప్పటికీ గవ్వలపాలెంలో వల ఒడ్డెక్కితే, బేరానికి ముందే ఒక దోసెడు తీసి, తాడు పట్టిన పైఊరివాడి చేతుల్లో పోస్తారు. దాని పేరు మసేనమ్మ దోసెడు. తక్కువలో కూడు ఎక్కడ దొరుకుతుందని అక్కడ ఎవరినైనా అడగండి. ఇల్లు చూపించరు, కొట్టు చూపించరు. "చేతులేవి, చూపించు," అంటారు.