దడి ఇవతల నుంచి చూసిన కోడి

అది కీలక నామ సంవత్సరం. ఎండలు ముదిరి, గుట్ట మీది దర్గాకు ఎక్కే బండలు పొద్దున్నే కాలుతున్న రోజులు.

ఆ దర్గాలో ఇమామయ్య తాత ఉండేవాడు. మనుషుల కోసం దువా చేసేవాడు గానీ, మందు మాత్రం పశువులకూ కోళ్లకూనే ఇచ్చేవాడు. "మనిషి నొప్పి ఎక్కడో నోటితో చెప్పుకుంటాడు. చెప్పుకోలేనివాటి దగ్గర కూచోడానికే నాకు పొద్దు చాలదు" అనేవాడు.

దస్తగిరి ఎనిమిదేళ్లుగా ఆయన శిష్యుడు. ఈ ఎనిమిదేళ్లలో అతని కళ్లు బాగా పదునెక్కాయి. ఎద్దు నడక చూసి గిట్టలో ముల్లుందనేవాడు. మేక దగ్గు విని మందు చెప్పేవాడు. తాత అయితే ముట్టుకుని ముట్టుకుని గంటసేపు చూస్తాడు, దస్తగిరి నిలబడే చెప్పేస్తాడని గుట్ట కింది పల్లెలో జనం మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పు దస్తగిరి చెవిన పడింది. పడి అక్కడే ఉండిపోయింది.

ఒక పొద్దున ఓబుళమ్మ కబురు పెట్టింది. ఒంటరి ముసలిది. ఆమెకున్నది ఒకే కోడి, ఎర్ర పెట్ట. రెండు రోజులుగా అది మేత ముట్టడం లేదట.

దస్తగిరి గుట్ట దిగి వెళ్లి దడి ఇవతలే నిలబడ్డాడు. పెట్ట ఈకలు ఉబ్బించుకుని, రెక్కలు జారవేసి, నీడన నిలబడే కునుకుతోంది.

"కొక్కెర తెగులు" అన్నాడు.

"పట్టి చూడు నాయనా. కొక్కెరయితే మెడ తిరగాల, దీనికి తిరగలేదు. పచ్చగా పారడం కూడా లేదు."

"రేపటికి తిరుగుతుందిలే అవ్వా."

"నా మొగుడు పోయిన పొద్దు డాక్టరు కూడా లోపలికొచ్చే చెప్పినాడు. నువ్వు దడి కూడా దాటకపోతివే" అంది ఓబుళమ్మ.

దస్తగిరి నవ్వి వచ్చేశాడు.

కొక్కెర అన్న మాట పల్లెలో పడితే ఇక ఆగదు. ఒక ఇంట్లో తగిలితే వారం తిరిగేలోగా ఊళ్లో కోళ్లన్నీ పోతాయి. అందుకని తెగులు సోకకముందే ఉన్నవన్నీ కోసుకుని తినడం అక్కడి ఆనవాయితీ. కోసేది దర్గా మనిషే. దేవుడి పేరు చెప్పి కోస్తే గానీ వాళ్లకు ముద్ద దిగదు. ఆ పొద్దు అందరూ దస్తగిరిని పిలిచారు. అతను కత్తి నూరుకుని ఇంటింటికీ వెళ్లాడు.

"నీ పెట్టను ఎప్పుడు కోయిస్తావే?" అని పక్కింటామె అడిగింది. ఓబుళమ్మ పెట్టను గంపలో పెట్టి, పైన చెంగు కప్పి, ఆ ఎండలో గుట్ట ఎక్కింది.

మధ్యాహ్నానికి దస్తగిరి దర్గాకు తిరిగి వచ్చేసరికి తాత గోడ నీడలో కూచుని ఉన్నాడు. ఒళ్లో ఎర్ర పెట్ట. దాని మెడ నిమురుతూ ఏదో మాట్లాడుతున్నాడు. పక్కనే ఓబుళమ్మ. ఆమె ముందు వెడల్పాటి సత్తు గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, చిన్న గిన్నెలో ఆముదం.

"అయ్యా, అది తెగులు కోడి. ఒళ్లో పెట్టుకున్నారేం?" అన్నాడు దస్తగిరి.

తాత అతని చేతులు చూశాడు. పెట్టను ఓబుళమ్మకిచ్చి లేచాడు. కుండలో చెంబు ముంచి, "పట్టు" అన్నాడు.

గురువు నీళ్లు పోస్తుంటే శిష్యుడు చేతులు కడుక్కోవడం ఈ ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి. దస్తగిరికి బెరుకేసింది. వద్దంటున్నా వినకుండా, గోళ్ల సందుల్లోని ఎరుపంతా పోయేదాకా తాత పోస్తూనే ఉన్నాడు.

"కూచో నాయనా."

కూచున్నాడు. తాత పెట్టను తెచ్చి అతని ఒళ్లో పెట్టాడు. అతని కుడిచెయ్యి పట్టుకుని పెట్ట పొట్ట కిందికి, తోక వైపుకు జరిపి వదిలేశాడు.

పెట్ట ఒళ్లు వెచ్చగా ఉంది. గుండె గబగబా కొట్టుకోవడం తెలుస్తోంది. ఇంకాస్త వెనక్కి, వేళ్లకు గుండ్రంగా గట్టిగా ఏదో తగిలింది. పెట్ట ముక్కింది. ఆ గుండ్రనిది కొంచెం కదిలి, మళ్లీ వెనక్కి పోయింది.

దస్తగిరి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏముంది?" అన్నాడు తాత.

"గుడ్డు." దస్తగిరి మళ్లీ తడిమి చూశాడు. "గుడ్డు అడ్డం పడింది."

"రెండు రోజుల్నుంచి నొప్పులు పడుతోంది తల్లి" అన్నాడు తాత.

పెట్టను పొట్టదాకా గోరువెచ్చని నీళ్లలో కూచోబెట్టారు. దస్తగిరి వేలికి ఆముదం రాసుకుని గుడ్డు వచ్చే దారికి మెల్లగా పట్టించాడు. "నొక్కకు. లోపల పగిలిందంటే ఇదీ దక్కదు. అది ముక్కినప్పుడు నీ చెయ్యి కింద ఉండనీ, అంతే" అన్నాడు తాత. నీళ్లు చల్లారినప్పుడల్లా ఓబుళమ్మ వెచ్చటి నీళ్లు కలుపుతోంది. దస్తగిరి కాళ్లు తిమ్మిరెక్కాయి. కదల్లేదు. పెట్ట కళ్లు మూసినప్పుడల్లా అతను ఊపిరి బిగబట్టాడు.

కింద పల్లెలోంచి ఈకలు కాల్చిన కమురు వాసన వస్తోంది.

గోడ నీడ ముంగిలి సగం దాకా సాగినప్పుడు గుడ్డు వచ్చింది. మామూలుకన్నా పెద్దది, ఒక కొస గరుకుగా. పెట్ట లేచి, తడి ఈకలు విదిలించి, ఓబుళమ్మ గుప్పిట్లోని సజ్జలు పొడవడం మొదలుపెట్టింది.

"ఈసారి పిలిస్తే దడి దాటి రా అబ్బాయ్. మా ఇంట్లో నిన్ను కరిచేవాళ్లు లేరు" అంది ఓబుళమ్మ. కళ్లు తుడుచుకుంటూనే అంది.

దస్తగిరి లేచి నిలబడ్డాడు.

"అయ్యా, కిందికి పోయొస్తాను. ఇంటింటికీ చెప్పాలి."

"ఏమని చెప్తావు?"

"కొక్కెర వచ్చినా ఇట్లాగే కునుకుతుందనీ, దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా..." అంటూ ఆగిపోయాడు.

తాత వంగి, ఇంకా వెచ్చగానే ఉన్న గుడ్డును తీసి అతని అరచేతిలో పెట్టాడు.

"ఇది చూపించు."

దస్తగిరి గుడ్డు పట్టుకుని గుట్ట దిగాడు. తాను కోళ్లు కోసిన ఏడు గడపల ముందూ నిలబడ్డాడు.

ఆ పొద్దు కోసినవి పదకొండు కోళ్లు. వాటిలో ఒకటి గుడ్లు పొదుగుతూ ఉన్న పెట్ట.