మూటలంకలో విప్పని మూట

గోదావరి సముద్రంలో కలిసే చోట, రెండు పాయల నడుమ ఉన్నది మూటలంక. నది దాటేవాళ్లు ఇటు రేవులో పడవ దిగి, లంకను అడ్డంగా నడిచి, అటు రేవులో మరో పడవ ఎక్కాలి. మూటలమ్మవారి గుడి సరిగ్గా ఆ దారి మధ్యలో ఉన్నది. భక్తులకు ఒక మనవి: ఈ లంకలో ఎవరి మూటనైనా చూసి "అందులో ఏముంది?" అని అడగరాదు.

పూర్వం ఇక్కడ వల్లభయ్య అనే సుంకరి ఉండేవాడు. లంకలో దింపి అమ్ముకునే సరుకుకు సుంకం ఉండేది, లంక దాటిపోయే సరుకుకు ఉండేది కాదు. దాటే మూటకు ఇటు రేవులో బంకమట్టి ముద్ర వేసేవారు. ముద్ర చెక్కుచెదరకుండా ఉంటేనే అటు రేవులో పడవ ఎక్కనిచ్చేవారు. ముద్ర విడితే, విడదీసింది ఎవరైనా సరే, ఆ సరుకు లంకలో దిగినట్టే లెక్క. వల్లభయ్య నిజాయితీపరుడే గాని, అనుమానం పుట్టిందంటే ఆయనకు అన్నం సయించేది కాదు.

ఒకనాడు నూకాలు అనే ఆమె గడ్డి చుట్టిన మూటతో వచ్చింది. ముద్ర సరిగానే ఉన్నది. అయితే ఆమె దాన్ని పసిబిడ్డలా పొదువుకుని నడవడం దారి మధ్యలో వల్లభయ్య కంటపడింది.

"ఏముందే అందులో?"

"మా అమ్మోరండి. ఏపకర్రతో చేయించి తీసుకెళ్తన్నాను. మా పాలెంలో జొరాలొచ్చి పిల్లలు పోతన్నారండి. పీటమెక్కేదాకా ఇప్పకూడదన్నారు. ఇప్పకండి బాబూ, మీకు దణ్ణవెడతాను."

దేవుడి పేరు చెప్పి దొంగసరుకు దాటించేవాళ్లను ఆయన చాలామందిని చూశాడు. ముద్ర పగలగొట్టి గడ్డి లాగేశాడు. లోపల అమ్మవారే ఉన్నది.

సిగ్గుపడి మళ్లీ గడ్డి చుట్టబోతే విగ్రహం కదలలేదు. నలుగురు పట్టినా కదలలేదు. కట్టుబాటు ప్రకారం అమ్మ లంకలో దిగిపోయింది. "ఇప్పుడు ఏ మొగం పెట్టుకుని ఎల్లనండీ?" అని నూకాలు కూలబడి ఏడ్చింది. వల్లభయ్యకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ మధ్యాహ్నం ఆయనకు అక్కడే కునుకు పట్టింది. అమ్మవారు కలలో కనిపించి, "విప్పినవాడివి నువ్వు, నన్ను ఉంచుకో. కాని అక్కడ పిల్లలు నా కోసం ఎదురుచూస్తున్నారు. నన్ను చుట్టిన గడ్డిని మూటకట్టి, ముద్ర వేసి, నువ్వే మోసుకుపో. ఎవరడిగినా విప్పకు" అన్నది.

సుంకరిగారు ఉత్త గడ్డిమూట నెత్తిన పెట్టుకుని నూకాలు వెంట నడిచాడు. అటు రేవులో తన బంట్రోతే అడ్డం వచ్చి, "ఏముందండీ అందులో?" అన్నాడు. ఇన్నాళ్లూ ఆ ప్రశ్న వేసిన మనిషి చేతులు జోడించి, "విప్పకురా నాయనా, నీకు దణ్ణం పెడతాను" అన్నాడు. బంట్రోతు ముద్ర మాత్రం చూసి వదిలేశాడు. పాలెంలో ఆ మూటనే పీఠమెక్కించారు. జ్వరాలు తగ్గుముఖం పట్టాయి.

నేటికీ పాలెం గుడిలో విగ్రహం లేదు, గడ్డిమూటకే పూజ. ఏటా జాతరకు వల్లభయ్య వంశంవారు కొత్త మూట మోసుకుపోతారు. పిల్లలకు జబ్బుచేసిన తల్లులు మాత్రం ఈ లంకకే వస్తారు. చిన్న గడ్డిమూట కట్టి, బంకమట్టితో ముద్ర వేసి, అమ్మ పాదాల దగ్గర పెట్టి వెళతారు. ఏం మొక్కుకున్నావని పూజారి కూడా అడగడు. బిడ్డ కోలుకున్నాక తల్లి ఆ బిడ్డను చంకనెత్తుకుని వచ్చి, మూటను తన చేతులతో తానే విప్పుకుంటుంది.