కింది వీధి కుళాయి

అనగనగా, కళ్ళు మూసుకుని ఊఁ కొట్టు తల్లీ, ఏటి పక్కన ఒక ఊరు. పేరుకే ఏరు. ఎండాకాలం వస్తే అంతా ఇసుకే. ఆ ఇసుకలో గొయ్యి తవ్వితే అడుగున కాసిని నీళ్ళు ఊరేవి. దాన్నే చెలమ అంటారు.

ఆ ఊరి కింది వీధిలో పైడమ్మ అని ఒక కోడలు ఉండేది. కడుపుతో ఉంది. ఆమె, అత్త నూకాలమ్మ వంతులేసుకుని చెలమ నీళ్ళు మోసేవారు.

అప్పుడు ఊరికి కుళాయిలు వేస్తామని ఒక ఇంజనీరు వచ్చాడు. మగవాళ్ళంతా కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళు గోడ వెనకాల నిలబడ్డారు. కుళాయిలన్నీ పై వీధిలోనే వేద్దామని మగవాళ్ళు తేల్చేశారు.

పైడమ్మకి మనసు ఆగలేదు. ముందు ఇంజనీరు దగ్గరికి వెళ్ళింది. "బాబూ, కింది వీధికి ఒక్కటైనా వెయ్యండి" అంది.

"మీ ఆయన్ని పంపమ్మా, మాట్లాడతాను" అన్నాడతను.

ఆ తర్వాత సర్పంచిని అడిగింది. "పెద్దలం అనుకున్నాం కదా, ఇంక నీకెందుకు?" అన్నాడు.

ఆ తర్వాత మొగుడు సూరయ్యని అడిగింది. సూరయ్య చెడ్డవాడు కాదమ్మా. కానీ "నలుగురిలో నన్ను నోరు తెరవమంటావేటి?" అని తల దించుకున్నాడు.

కుళాయిలు వచ్చాయి. పై వీధి వాళ్ళు పట్టుకున్నాకే కింది వీధి వంతు. ఆ వంతు వచ్చేసరికి నీళ్ళు ఆగిపోయేవి. అత్తాకోడళ్ళు మళ్ళీ ఏటి దారే పట్టారు. ఎండలు ముదిరాయి. చెలమ లోతుకి పోయింది. మనిషి లోపలికి దిగితే గానీ నీళ్ళు అందేవి కావు.

ఒక పొద్దున పైడమ్మ బిందె ఎత్తబోతుంటే నూకాలమ్మ లాక్కుంది.

"నిండు మనిషివి. దిగలేవు. ఈ పూట నేనెళ్తాను."

"నీకు జ్వరం తగ్గలేదు కదత్తా."

"పొయ్యి మీద గంజి చూసుకో. ఇట్టే వచ్చేస్తాను."

గంజి ఉడికింది. దించింది. చల్లారింది. అత్త రాలేదు. అప్పుడు ఏటి వైపు నుంచి ఆడవాళ్ళు ఏడుస్తూ పరిగెత్తుకొచ్చారు. చెలమ అంచు కూలి, ఇసుకంతా నూకాలమ్మ మీద పడిపోయింది. అందరూ చేతులతో తవ్వి పైకి తీశారు. ఊపిరి లేదు.

"ఒక్క మాట అడగలేకపోయాను" అని సూరయ్య తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. పైడమ్మ పక్కన కూర్చుని, అత్త జుట్టులో ఇసుక దులుపుతూ ఉండిపోయింది.

ఆ తర్వాత ఈ సంగతి విని ఇంజనీరు మళ్ళీ వచ్చాడు. ఈసారి కింది వీధి ఆడవాళ్ళంతా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. సర్పంచి ఏదో అనబోయాడు. సూరయ్య లేచి, "నీళ్ళు మోసేది ఆళ్ళు. ముందు ఆళ్ళని చెప్పనివ్వండి" అన్నాడు.

పైడమ్మ లేచింది. కుళాయి ఎక్కడ కావాలో చెప్పింది, ఎందుకు కావాలో చెప్పింది. ఇంజనీరు తల వంచుకుని విన్నాడు.

వానలు పడేలోగా కింది వీధికి కుళాయి వచ్చింది. పైడమ్మకి ఆడపిల్ల పుట్టింది. నడక రాగానే ఆ పిల్ల కుళాయి కింద చేతులు పెట్టి, నీళ్ళు చిందించి నవ్వేది. తిప్పితే చాలు, నీళ్ళు వచ్చేస్తాయని దాని నమ్మకం. పైడమ్మ కోప్పడేది కాదు. కుళాయి ఇంకాస్త ముందే వచ్చుంటే అత్త కూడా ఈ నవ్వు చూసేది కదా అనుకుని, కొంగు కళ్ళకి అద్దుకునేది.

కథ కంచి దారి పట్టింది,
కునుకు మన గడప తొక్కింది.
అందరికీ నీళ్ళు అందాలి,
నానమ్మలు నూరేళ్ళుండాలి.