బల్లకు తాళం వేసిన మార్జరీ

అనగనగా ఒక ఊరు. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండులో, మనుషుల కన్నా గొర్రెలు ఎక్కువున్న ఊరు. పేరు ఆష్‌కోంబ్ అనుకోండి. దేశానికి రాజుగారున్నారు గానీ ఈ కథలోకి రారు. ఆయన ఎక్కడో లండనులో ఉంటారు, ఈ ఊరొకటి ఉందని కూడా ఆయనకి తెలియదు. సాకేత్, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. వైదేహీ, ఊ కొడుతున్నావా? సరే.

ఆ ఊళ్ళో ఒక చర్చి. ఆదివారం అందరూ రావలసిందే, రాకపోతే జుల్మానా. వచ్చినవాళ్ళు ఎక్కడ పడితే అక్కడ కూర్చోకూడదు. ఆడవాళ్ళ వైపు చూస్తే, మొదటి బల్ల మీద జమీందారు భార్య, ఆమె వెనక మతగురువు భార్య, ఆమె వెనక పిండిమర యజమాని భార్య, ఆమె వెనక కమ్మరి భార్య, ఆమె వెనక కూలివాళ్ళ భార్యలు, వాళ్ళ వెనక గోడ. మన పెళ్ళిళ్ళలో మొదటి బంతిలో కూర్చోబెట్టలేదని మీ పెదతాతయ్య అలగలేదూ? అలాంటిదే. కాకపోతే వాళ్ళకి ఆ పెళ్ళి ప్రతి ఆదివారం వచ్చేది.

ఒక్కో బల్ల చుట్టూ నడుమెత్తు చెక్క గోడ, దానికి చిన్న తలుపు. మూడో బల్ల రెండిళ్ళకి ఉమ్మడి. ఒకటి పిండిమర వాళ్ళది, రెండోది హోల్ట్ అనే రైతులది. హోల్ట్ వాళ్ళ పెద్దావిడ ఉర్సులాకి మోకాళ్ళు పట్టేసి, ఆదివారాలు తన చోట కూర్చోమని కొత్త కోడలు థామసిన్‌ని పంపింది. థామసిన్ తండ్రి పందులు కాచేవాడు. పిండిమర యజమాని భార్య మార్జరీకి అది గిట్టలేదు.

"హోల్ట్ వాళ్ళ కోడలివైతే మాత్రం? పందుల దొడ్డి కంపు నీతోనే వచ్చింది. వెనక్కి పో" అంది, మెల్లిగానే.

విన్నది ఎవరు? థామసిన్, వెనక బల్ల మీది కమ్మరి భార్య, సగం చెవుడున్న చర్చి కాపలాదారు. అంతే. ఊ కొట్టండి.

మరుసటి ఆదివారం థామసిన్ వచ్చేసరికి బల్ల తలుపుకి తాళం! మార్జరీ లోపల, థామసిన్ బయట. వెనక బల్లల మీద చోటుంది. కానీ ఒక్కసారి వెనక కూర్చుంటే అదే నీ చోటని ఊరు ఖాయం చేసేస్తుంది. ఈ వేళ ఆమెది, రేపు ఆమె కూతురిది. అందుకని కూర్చోలేదు, నిలబడింది. ప్రసంగం రెండు గంటలు. అతిశయోక్తి అనుకోకండి, అప్పటి ప్రసంగాలు అంతసేపూ సాగేవని చదివాను. ఆ ఆదివారం నిలబడింది, పై ఆదివారం నిలబడింది, ఆ పై ఆదివారమూ నిలబడింది.

ఉర్సులా ఊరుకుంటుందా? మోకాళ్ళ నొప్పితోనే బండెక్కి వెళ్ళి, బిషప్ గారి న్యాయస్థానంలో ఫిర్యాదు చేసింది. ఆ పందుల దొడ్డి మాటే సంతలో అని ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కారు. చర్చిలో అనడం తప్పు. న్యాయాధికారి అంతా విని తీర్పు చెప్పాడు. మార్జరీ ఊరందరి ముందూ నిలబడి, ఆ రోజు ఏ మాట అందో ఆ మాటే పొల్లు పోకుండా గట్టిగా చెప్పి, క్షమాపణ కోరాలి.

ఉర్సులాకి పట్టరాని సంతోషం. థామసిన్ మాత్రం మార్జరీ మొహం చూసింది. తల వంచుకునే ఉంది గానీ, పెదవి చివర నవ్వు.

"అయ్యా, ఆ రోజు విన్నది ముగ్గురం. అందులో ఒకరికి చెవుడు. ఇప్పుడు ఊరంతటికీ వినిపించమంటున్నారు" అంది థామసిన్.

"నోరు మూసుకోవే, గెలిచాం కదా!" అంది అత్తగారు.

"అది మా పద్ధతి" అన్నాడు న్యాయాధికారి.

"పద్ధతి మీదేనయ్యా, పేరు నాది. ఆమె ఒక్క మాటా అనక్కర్లేదు. ఏ చేత్తో తాళం వేసిందో ఆ చేత్తో తలుపు తీసి పట్టుకోమనండి. కోతలు అయ్యేదాకా, ప్రతి ఆదివారం, ముందు నేను లోపలికి వెళ్ళేలా."

మార్జరీ నవ్వు ఎగిరిపోయింది. తలుపు పట్టుకోవడం అక్కడ పనిమనిషి పని మరి. "ఆ మాట పదిసార్లయినా అంటానయ్యా, తలుపు మాత్రం పట్టుకోను!" అని ఏడ్చింది. ఏది శిక్షో, ఏది సరదాయో న్యాయాధికారికి అప్పుడు తెలిసి, తీర్పు మార్చాడు.

ఆదివారం వచ్చింది. మార్జరీ కావాలనే ఆలస్యంగా వచ్చింది. థామసిన్ నడవలో నిలబడే ఉంది. మతగురువు ప్రసంగం మొదలుపెట్టలేక దగ్గాడు. జమీందారు భార్య తిరిగి చూసింది, ఆమెని చూసి మతగురువు భార్య, ఆమెని చూసి కమ్మరి భార్య, ఆమెని చూసి గోడ దాకా అందరూ. మార్జరీ తలుపు తీసి పట్టుకుంది. థామసిన్ లోపలికి వెళ్ళి, గోడ వైపుకి జరిగి, "మీరూ రండమ్మా, చోటుంది" అంది.

ఇక్కడ కొందరు, ఆమె కూలివాళ్ళని కూడా ముందుకి పిలిచి కూర్చోబెట్టిందని కలిపి చెబుతారు. వినడానికి బాగుంటుంది, నేను నమ్మను. ఆమె తన చోటు కోసం నిలబడింది, వాళ్ళు వెనకే కూర్చున్నారు.

కోతలయ్యాయి, శిక్షా అయిపోయింది. ఆ తర్వాతి ఆదివారం కూడా మార్జరీ చెయ్యి దానంతటదే తలుపు మీదికి వెళ్ళింది. తీశాక గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. థామసిన్ నవ్వింది, మార్జరీకీ నవ్వాగలేదు. ఆ వేళ నుంచి ఎవరు ముందొస్తే వాళ్ళు తీసేవారు. ఉర్సులా కూడా సంతోషించింది, గెలిచానని చచ్చేదాకా చెప్పుకుంటూ.

అందుకని నాన్నా, నిన్నెవరైనా మాటంటే దాన్ని మళ్ళీ వాళ్ళ నోట చెప్పించకు. వాళ్ళు మూసిందేదో తెరిపించుకో, చాలు.

కథ ఇంగ్లండు నుంచి కంచికి రావాలి, మధ్యలో ఎన్ని సముద్రాలో. అది చేరేలోగా మనం ఓ నిద్ర తీద్దాం.